ఒక గంటా ఏడు నిమిషాల నలభై సెకన్లు

చక్రాలు కదిలాయి, పక్క సీట్లో మైలో టిక్కుమని గడియారం నొక్కాడు, ఇంక అయిపోయింది, కాగితం మీద రాసిన అంకెని దేవుడు దిగొచ్చినా మార్చలేడు. ఒక గంటా ఏడు నిమిషాల నలభై సెకన్లు. సిరాతో రాశాను, కింద లిబ్బీ కొవారిక్ అని సంతకం పెట్టాను. డ్వేన్ పొస్పిషిల్ మా విమానాల క్లబ్బు ప్రెసిడెంటు కదా, ఆ కాగితాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి చదివాడు. "అరవై ఏడేంటి లిబ్బీ? మిగతా పదకొండు మందీ డెబ్బై ఒకటీ డెబ్బై రెండూ రాశారు. నీకేమైనా అడ్డదారి తెలుసా ఏంటి?" అన్నాడు, బల్లల దగ్గర పాన్‌కేకులు మింగుతున్న మగాళ్ళంతా గొల్లుమన్నారు. నవ్వండి నాయనా, నవ్వండి, కడుపు నిండినవాళ్ళు నవ్వక ఏం చేస్తారు, నా కడుపులో పొద్దుట్నించీ గుక్కెడు కాఫీ తప్ప ఏమీ లేదు. విమానం ముక్కు పైకి లేస్తోంది, నేల జారిపోతోంది, బ్లూ నది వంపు, ధాన్యం గోదాముల తెల్ల గొట్టాలు, మా వీధి, మా పెరట్లో బట్టలారేసే తీగ కూడా కనిపించినట్టే ఉంది, కనిపించకపోయినా అది అక్కడే ఉంది. ఎడమకి తిప్పాలి, మెల్లిగా, తొందరపడితే రెండు సెకన్లు అక్కడే పోతాయి, వాయవ్యం, దిక్సూచి ముల్లు మూడు వందల మీదికి, ఆఁ, అలా, ఇంక అక్కడే ఉండు తల్లీ.

ఈ పందెంలో ముందు చేరినవాడికి ఏమీ రాదు. మా ఊరు క్రీట్ నుంచి, ఇదే నెబ్రాస్కాలో ఉన్న ఆర్డ్‌కి ఎంతసేపట్లో వెళ్తావో ముందే రాసివ్వాలి, రాసినదానికి ఎవరు దగ్గరగా వెళ్తే వాళ్ళదే గెలుపు. చేతి గడియారాలూ ఫోన్లూ సంచిలో వేసి సీలు వేసేస్తారు, విమానంలో ఉన్న గడియారం మీద నల్ల టేపు అంటిస్తారు, ఇంజను ఎంత జోరుగా తిప్పుతావో అదీ రాసిచ్చి ముల్లుని ఆ అంకె మీదే నిలబెట్టాలి, వంకర్లు తిరక్కూడదు, పక్కన నీ కాగితం జేబులో పెట్టుకుని ఒక సాక్షి కూర్చుంటాడు, టైము చూసే హక్కు ఆయనొక్కడిదే, టైము గురించి తప్ప ఏమైనా మాట్లాడొచ్చు. దూరం అందరికీ తెలిసిందే, నూట ఇరవై ఆరు మైళ్ళు, పటం మీద స్కేలు పెట్టి ఎవరు గీసినా అంతే వస్తుంది. దూరానికేం, అది కదలదు మెదలదు, ఎక్కడ పడేస్తే అక్కడే పడుంటుంది. టైము అలా కాదు, గాలి ఎలా చెప్తే అలా ఆడుతుంది, పొద్దున ఒక మాట, పదింటికి ఇంకో మాట. మా ఇంట్లో దూరం మా ఆయన లూమిర్‌ది, టైము నాది. వంటింటి బల్ల మీద ఆయన పటం పరిచి పెన్సిలుతో గీత గీసేవాడు, పెద్ద చర్చి కడుతున్నంత గంభీరంగా గీసేవాడు, గీసి పక్కకి జరిపి, గడ్డం గీసుకోడానికి వెళ్ళిపోయేవాడు, నేను వేగమూ టైమూ తేల్చే లెక్కల చక్రం తిప్పి, గాలిని కలిపి, బరువుని కలిపి, ఎక్కడ సాగుతుందో ఎక్కడ ఈడుస్తుందో చూసి ఒక అంకె తేల్చేదాన్ని. స్నానాల గదిలోంచి సబ్బు నురగ మొహంతో తల బయటపెట్టి "ఎంతే లిబ్బీ?" అనేవాడు. చెప్పేదాన్ని. అదే రాసేవాడు. పధ్నాలుగు సార్లు గెలిచాడు.

గెలిచాడు! ఆ మాట ఇప్పటికీ నా నాలిక మీదికి అలాగే వస్తుంది చూడు, ఎంత అలవాటు పడిపోయాను. క్లబ్బు గదిలో అద్దాల బీరువాలో వెండి గిన్నె ఉంది, దాని చుట్టూ పధ్నాలుగు చోట్ల లూమిర్ కొవారిక్, లూమిర్ కొవారిక్, లూమిర్ కొవారిక్. చెక్కింది ఇదిగో, నా పక్కన పిప్పరమెంటు చప్పరిస్తూ కూచున్న ఈ మైలో సెడ్లాసెక్కే, మా ఊళ్ళో గడియారాలు బాగుచేసేదీ ఉంగరాల మీద పేర్లు చెక్కేదీ ఈయనే, ఏడాదికోసారి ఆ గిన్నెని ఒళ్ళో పెట్టుకుని చెక్కేవాడు. మార్చిలో మీటింగు పెట్టారు. గిన్నె మీద ఇంకొక్క పేరుకే చోటుంది, ఈ ఏటి పందెం అయ్యాక దాన్ని పక్కూరు విల్బర్‌లో మ్యూజియంకి ఇచ్చేద్దాం, లూమిర్ జ్ఞాపకంగా గాజు పెట్టెలో ఉంటుంది అన్నారు. అందరూ చప్పట్లు. నేను లేచి నిలబడ్డాను. ఆయన పేరు పక్కన నా పేరు కూడా చెక్కండి, ఆ అంకెలన్నీ నేను వేసినవే అన్నాను. డ్వేన్ చాలా మర్యాదగా, అసలు ఆ మర్యాదే కదా మంట, "లిబ్బీ, నువ్వు లూమిర్‌కి చాలా సాయంగా ఉండేదానివి, మాకందరికీ తెలుసు. కానీ నడిపింది ఆయన. నీకు లైసెన్సుంది, విమానముంది. ఒక్కసారి ఒంటరిగా గెలువు, ఆ ఆఖరి చోట్లో నీ పేరే ఎక్కిస్తాం" అన్నాడు. సాయంగా ఉండేదాన్నిట. కారు వెనక స్పేరు టైరు పెడతారే, అలాంటి సాయం. అందుకే ఈవాళ ఎక్కాను. ఆ చోటు ఎవరికో పోతే, గాజు పెట్టె మూత పడితే, ఇంక ఎప్పటికీ నేను శాండ్‌విచ్‌లు కట్టిన మనిషినే.

శాండ్‌విచ్‌లు. మొదటిసారి గెలిచినప్పుడు ఆర్డ్‌లో మైకు పట్టుకుని అన్నాడు, "గెలుపు రహస్యం ఏం లేదు, మా ఆవిడ శాండ్‌విచ్‌లు బాగా కడుతుంది" అని, అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, నాకది ప్రేమలాగే వినిపించింది, ఆయన చెయ్యి నా భుజం మీదే ఉంది, నేనెందుకు నవ్వకుండా ఉంటాను? రెండో ఏడూ అదే జోకు. ఏడో ఏటికి నేను నవ్వడం మానలేదు గానీ ఇంటికొచ్చి గిన్నెలు గట్టిగా తోమేదాన్ని. చెడ్డవాడు కాదు లూమిర్. జ్వరమొస్తే రాత్రంతా కూచునేవాడు, నా తమ్ముడి అప్పుల గోల తీర్చాడు, ఒక్కనాడు గొంతు పెంచలేదు. మంచివాడే, అందుకే కదా ఇంత కష్టం, దుర్మార్గుడైతే నేను ఎప్పుడో తిట్టి ఊరుకునేదాన్ని. నాలుగేళ్ళ కిందట మంగలి కుర్చీలో కూచుని సగం క్రాపుతో పోయాడు. మిగతా సగం కత్తిరించాకే శవపెట్టెలో పెట్టాలని నేనే పట్టుబట్టాను.

"ముల్లు సరిగ్గానే ఉంది," అన్నాడు మైలో, ఇంజను ముల్లు చూసి. రెండు వేల నాలుగొందలు. "నువ్వు దానికేసి చూడు, నేను దారికేసి చూస్తాను," అన్నాను. యార్క్ దగ్గరపడుతోంది, అదిగో పెద్ద రహదారి, లారీలు, వాటర్ ట్యాంకు, నేను రహదారిని ఎక్కడ దాటాలో అక్కడే దాటుతున్నాను, గీతకి చీమ తలంత కూడా పక్కకి పోలేదు. ఎత్తు మూడు వేలు. అరవై రెండో ఏట నేర్చుకున్నాను విమానం, లింకన్‌లో ఒక ఇరవై నాలుగేళ్ళ పిల్ల నేర్పింది, మొదటి పదిసార్లు కుందేలులా గెంతించి దింపాను, ఆ పిల్ల పళ్ళు బిగించి "బాగుందండీ, అందులో రెండు గెంతులు తగ్గిద్దాం" అనేది. ఊరంతా లిబ్బీకి మతి పోయిందన్నారు. డ్వేన్ అయితే అంత్యక్రియలైన మూడో వారానికే వచ్చాడు, విమానం ఊరికే తుప్పు పడుతుంది, నాకిచ్చెయ్, మంచి ధర ఇస్తాను అన్నాడు. నాకిచ్చెయ్! ఇచ్చేద్దామనే అనుకున్నాను, పెన్ను కూడా తీశాను, అప్పుడెందుకో లూమిర్ సీటు కాకుండా నా సీటు వైపు చూశాను, నేను అన్నేళ్ళూ కూచున్న సీటు, దాని గుడ్డ నా ఒంటి ఆకారానికి అరిగిపోయి ఉంది, ఆ సీటుకి లెక్కలోనే చోటు లేదు. పెన్ను మూత పెట్టేశాను.

అయ్యో. అయ్యయ్యో. దుమ్ము చూడు.

కింద మొక్కజొన్న కోస్తున్నారు, కోత మిషను వెనకాల దుమ్ము లేస్తోంది, అది నా వైపుకి వస్తోంది, ఆగ్నేయానికి, అంటే గాలి ఇంకా వాయవ్యం నుంచే, ఎదురుగాలే, ఇంకా ఎదురుగాలే. ఎదురుగాలి ప్లాట్ నది దాకా ఉంటుందనే లెక్క వేశాను, సరే, ఇది యార్కే కదా, ఇంకా నది రాలేదు కదా, ఎందుకే గుండె అలా కొట్టుకుంటున్నావు? కానీ ఇంత జోరుగానా? ఇక్కడికే అది మెత్తబడాలి. పొద్దున ఆరింటికి ఫోన్లో వాతావరణం వాళ్ళు చెప్పింది వాయవ్య గాలి గంటకి ఎనిమిది మైళ్ళు అని, అందరికీ అదే చెప్పారు, అందరూ అదే కలిపారు, డెబ్బై ఒకటీ డెబ్బై రెండూ అలా వచ్చినవే. లెక్క తప్పు కాదు, ఆరింటికి అది నిజం. కానీ పందెం తొమ్మిదింటికి. మధ్యలో మూడు గంటలున్నాయి, ఆ మూడు గంటలూ మా వాళ్ళు పాన్‌కేకులు తింటారు. మా క్లబ్బులో ఒక ఆనవాయితీ ఉంది, కాగితం ఇస్తేనే కంచం. ఎవడు పెట్టాడో, ఎందుకు పెట్టాడో, ఏడింటికి చర్చి ఆడవాళ్ళు పెనం వేడి చేస్తారు, వరసలో నిలబడాలంటే నీ అంకె రాసిచ్చెయ్యాలి, సాసేజీలు మొదటి అరగంటలోనే అయిపోతాయి కాబట్టి మగాళ్ళంతా ఏడు కొట్టేసరికి కాగితాలు చేతిలో పెట్టేసి కంచాలు పట్టుకుంటారు. తొమ్మిది దాకా ఇవ్వొచ్చని రూల్లో ఉంది. నలభై ఏళ్ళలో తొమ్మిదింటికి ఇచ్చినవాడు ఒక్కడు లేడు. వెన్నా జామూ రాసుకుంటూ, బయట గాలి తిరిగిపోతుంటే, సిరా ఎండిపోయిన అంకెలు పట్టుకుని కూచునే మహానుభావులు!

ఒక్క ఏడు మేం ఓడిపోయింది దానికే. ఆ ఏడు పొద్దున్నే గడ్డి మీద మంచు లేదు, నాకు అనుమానం, "లూమిర్, కాస్త ఆగు, కాగితం ఇవ్వకు, గాలి దక్షిణానికి తిరుగుతుంది" అన్నాను. "ఇచ్చేశానే. వరస చూడు ఎంతుందో, సాసేజీలు అయిపోతాయి" అన్నాడు, చేతిలో కంచం, మొహంలో చిన్నపిల్లాడి ఆశ. నాలుగు నిమిషాలు తప్పాం. రెండు రోజులు నేను ఆయనతో మాట్లాడలేదు. ఊరందరితో గాలి మోసం చేసిందన్నాడు. గాలి ఎవర్నీ మోసం చెయ్యదు, అది చెప్తూనే ఉంటుంది, వినేవాడు కావాలి. నాకెలా తెలుసంటే, మా నాన్నకి నలభై ఆవులు, తొమ్మిది మంది పిల్లలం, వారానికి పద్దెనిమిది దుప్పట్లు ఆరేసేది నేనే. ఎనిమిదేళ్ళప్పట్నించీ ఆరేశాను. తడి దుప్పటి మొహానికి తగిలితే ఒకటి, అవతలికి ఎగిరితే ఒకటి, నీలుక్కుని నిలబడితే ఒకటి. పెళ్ళయ్యాక ధాన్యం సొసైటీ వాళ్ళిచ్చే క్యాలెండరు మీద గడిగడిలోనూ రాసేదాన్ని, ఎప్పుడు ఆరేశానో, గాలి ఎటు ఉందో, ఎప్పుడు తిరిగిందో, ముప్పై ఒక్క క్యాలెండర్లు, చెప్పుల పెట్టెల్లో ఉన్నాయి. సెప్టెంబరు ఆఖర్లో, రాత్రి చలి పడి, పొద్దున ఆకాశం కడిగినట్టుండి, గడ్డి మీద మంచు ఎనిమిదిన్నరకల్లా ఆరిపోతే, పదింటికల్లా గాలి దక్షిణం పట్టడం తప్పదు. పశ్చిమాన ముందు తిరుగుతుంది, తూర్పున తర్వాత. ఈవాళ ఎనిమిదీ ఇరవైకే నా బూట్లు పొడిగా ఉన్నాయి. హ్యాంగరు వెనక గడ్డిలో నిలబడి, పెనం దగ్గర్నుంచి వాసనొస్తుంటే నోట్లో నీళ్ళూరుతుంటే, అంకె వేశాను. పెనం దగ్గరున్న ఓల్గా జనక్ ఒక సాసేజీ కాగితంలో చుట్టి దొంగతనంగా తెచ్చింది, "తినవే, కళ్ళు తిరిగి పడతావు, నేనెవరికీ చెప్పను" అంది. వద్దన్నాను. ఒక్క ముక్క తిన్నా డ్వేన్ కాగితం అడుగుతాడు. అదీ గాక, ఈవాళ ఆకలిగా ఉండాలనిపించింది.

కానీ ఈ దుమ్ము చూస్తే భయంగా ఉంది. తప్పితే? తిరక్కపోతే? డెబ్బై రెండు పడుతుంది, నేను నాలుగు నిమిషాలు తప్పుతాను, అందర్లో ఆఖరు, వాళ్ళు నవ్వరు, అదే ఘోరం, జాలిపడతారు, కుర్చీ లాగి కూచోపెట్టి కాఫీ ఇస్తారు, పాపం లిబ్బీ అంటారు. మార్చిలో లేచి నిలబడ్డందుకు సిగ్గుపడాల్సిందే అప్పుడు. నేనే పొరబడ్డానేమో, ఇన్నేళ్ళుగా నా అంకెలే అనుకున్నవాటిలో సగం లూమిర్ చేతి చలవేమో, ఆయన తెలియకుండానే ఎక్కడో కాస్త అదిమి, ఎక్కడో కాస్త వదిలి, నా తప్పుల్ని సర్దేవాడేమో. చీ. నోర్ముయ్ లిబ్బీ. ముక్కు నిలబెట్టు.

అప్పుడు చూశాను టేపు. ఎండ అద్దంలోంచి పడి పడి గడియారం మీది టేపు ఒక మూల లేచింది, గోరంత, ఆ సందులో సెకన్ల ముల్లు కొస ఠక్కున మెరిసి పోయింది. మెడ కాస్త వంచితే చాలు నిమిషాల ముల్లు కూడా కనిపిస్తుంది. వంచితే తెలిసిపోతుంది, ఎంత వెనకబడ్డానో, అప్పుడు ముక్కు రవ్వంత దించి, రెండు మైళ్ళ వేగం దొంగిలించి, కొంచెం కొంచెంగా కూడగట్టుకోవచ్చు, మైలో కాదు కదా దేవదూత కూర్చున్నా పసిగట్టలేదు. మైలో కిటికీలోంచి ఆవుల్ని చూస్తున్నాడు. ఒక్క చూపు. ఎవరికి తెలుస్తుంది? నాకు. నా పేరు చెక్కిన గిన్నెని గాజు పెట్టెలో చూసినప్పుడల్లా నాకు తెలుస్తుంది. లూమిర్ నా అంకె తీసుకున్నాడు గానీ ఎప్పుడూ టేపు లేపి చూడలేదు, ఆ మాట చెప్పుకోవాలి.

"మైలో, టేపు లేచింది. నొక్కు," అన్నాను తల పక్కకి తిప్పేసుకుని.

"అరె," అని బొటనవేలితో నొక్కాడు. వదిలితే మళ్ళీ లేచింది. "జిగురు పోయింది లిబ్బీ."

"అయితే వదలకు."

"ఆర్డ్ దాకానా?"

"ఆర్డ్ దాకా. వేలు తీశావంటే తలుపు తీసి కిందకి తోసేస్తాను."

"నా రెండో చేతిలో గడియారముంది, మొదటి చెయ్యి ఇక్కడ, మరి పిప్పరమెంటు ఎవరు పెడతారు నోట్లో?" అన్నాడు దీనంగా. కాగితం విప్పి నేనే పెట్టాను. డెబ్బై నాలుగేళ్ళ మనిషి, చెయ్యి చాపుకుని, చలిమంట కాచుకుంటున్నవాడిలా కూచున్నాడు, నాకు నవ్వొచ్చింది, కడుపులోంచి వచ్చింది, భయం దాంతోపాటు కాస్త పోయింది. గీత ఉంది, ముల్లు ఉంది, అంకె వేసేశాను, ఇంక తిన్నగా నడపడమే నా పని. లూమిర్ ఇక్కడ కూచుని ఇలాగే ఉండేవాడా, ఏమీ తెలియకుండా, నేను చెప్పిన అంకె మీద నమ్మకంతో? అలా నమ్మడానికీ గుండె ఉండాలి. ఇన్నేళ్ళలో ఆ సంగతి నాకు తోచనే లేదు.

నది. ప్లాట్ నది, ఇసక మేటలూ పాయలూ, వెండి తీగలు చిక్కుపడ్డట్టు, అవతల ఎడమపక్కన సెంట్రల్ సిటీ, సరిగ్గా సగం దూరం, అరవై మూడు మైళ్ళు. ఇక్కడే తిరగాలి గాలి. ఇక్కడే. కింద చూడు, ఎక్కడా దుమ్ము లేదు, శనివారం పూట అందరూ ఫుట్‌బాల్ చూస్తూ కూచున్నారా ఏంటి, ఎవరో ఒకరు కోయండర్రా బాబూ, ఒక్క మిషను, ఒక్క ట్రాక్టరు! చెట్లు? ఇంత ఎత్తునించి ఆకులేం తెలుస్తాయి. పశువుల చెరువు ఒకటి, దాని మీద గాలి పడ్డ వైపు ముడతలు, ఒడ్డు చాటున నున్నగా, నునుపు ఎటు ఉంది, ఎటు ఉంది, వంగి చూడు, దక్షిణపు ఒడ్డున నునుపు! దక్షిణపు గట్టు గాలిని ఆపుతోంది. అంటే గాలి దక్షిణం నుంచి. ఒక్క చెరువే కదా, తొందరపడకు. ఇంకో చెరువు, అదీ అంతే. అదిగో, అదిగో కోత మిషను, పచ్చరంగుది, దుమ్ము నిటారుగా లేచి, తల వాల్చి, ఉత్తరానికి, ఉత్తరానికి పోతోంది! నా వెనక నుంచి ముందుకి పోతోంది! నాకు ఎనిమిదేళ్ళప్పట్నించీ తెలిసిన గాలి, నా దుప్పట్ల గాలి, చెప్పిన చోటుకి చెప్పిన వేళకి వచ్చింది! నేను పెద్దగా అరిచాను, ఏమని అరిచానో నాకే తెలీదు, మా అమ్మ ఆవుల్ని కేకేసినట్టుంది, మైలో ఉలిక్కిపడ్డాడు గానీ వేలు తియ్యలేదు.

"ఏమైంది?"

"ఏం కాలేదు. గాలి."

"గాలికేమైంది?"

"ఏం కాలేదంటున్నానా? నువ్వు వేలు చూసుకో."

ఇప్పుడు విమానం నడకే మారిపోయింది, మోటారు చప్పుడు అదే, ముల్లు అదే, కానీ కింద పొలాలు చకచకా వెనక్కి పోతున్నాయి, గుండ్రటి పొలాలు, పచ్చవీ గోధుమరంగువీ, ఒకదాని తర్వాత ఒకటి. గాలి కాస్త ఎడమ నుంచి తోస్తోంది, ముక్కు రెండు డిగ్రీలు ఎడమకి, అంతే, ఇదీ కాగితం మీద ఉంది. నేను నా వయసు మర్చిపోయాను. నా నడుం నొప్పీ, వచ్చే వారం కళ్ళ డాక్టరూ, ఇంట్లో కారే కొళాయీ, అన్నీ ఎక్కడో కింద ఉండిపోయాయి. లూమిర్ మీద కోపం వెతుక్కున్నాను, అలవాటు కదా, చెయ్యి పెడితే అక్కడే దొరికేది, ఉంది, కొంచెం ఉంది, కానీ ఇప్పుడు దాంతో పనిలేదు. సంతోషంగా ఉంది నాకు. ఇంత సంతోషం పెళ్ళినాడు కూడా లేదంటే లూమిర్ నొచ్చుకుంటాడేమో, నొచ్చుకోనీ, నిజమే అది. ఎన్నోసార్లు ఈ దారిన వచ్చాను, ఒళ్ళో పటంతో, చక్రంతో, తల వంచుకుని లెక్కలు సరిచూసుకుంటూ. నెబ్రాస్కా ఇంత అందంగా ఉంటుందని చూడనేలేదు.

లూప్ నది. కొండ మడతలు, నార్త్ లూప్ వంతెన, తెల్ల చర్చి. ఇంకో పది మైళ్ళుంటుంది. ఆర్డ్ విమానాశ్రయానికి పెట్టింది ఒక ఆడపిల్ల పేరు, ఆ ఊళ్ళో పెరిగి, యుద్ధం రోజుల్లో మగాళ్ళకి దీటుగా విమానాలు చేరవేస్తూ పోయిన పిల్ల, ప్రతి ఏడూ గెలిచాక ఆ బోర్డు కిందే ఫోటో తీసేవారు, లూమిర్ గిన్నె పట్టుకుని మధ్యలో, నేను పక్కన టిఫిన్ బుట్టతో. అదిగో పరుగుదారి, బూడిదరంగు గీత. దాని మొదటి అంచు మీదుగా దాటగానే టైము ఆగుతుంది, తర్వాత చుట్టు తిరిగి దిగాలి. తిన్నగా, తిన్నగా పో, ఎత్తు నిలబెట్టు, ఊపిరి తీసుకో, నీటి తొట్టి, కంచె, రోడ్డు, అంచు.

టిక్.

మైలో గడియారం చూశాడు. నా కాగితం మడత విప్పాడు, ఒక చేతి వేలు ఇంకా టేపు మీదే ఉంది, పళ్ళతో విప్పాడు. మళ్ళీ గడియారం చూశాడు. విమానం ఎడమకి వాల్చాను, చుట్టు తిరగాలి కదా, రెక్క కింద హ్యాంగరూ కార్లూ తలలెత్తి చూస్తున్న మనుషులూ తిరుగుతున్నారు.

"ఇప్పుడు చెప్పొచ్చా లిబ్బీ?"

"చెప్పు."

"ఒక గంటా ఏడు నిమిషాల నలభై మూడు," అన్నాడు. "మూడు సెకన్లు. మూడే. ఇన్నేళ్ళలో గెలిచినవాడి పేరు పక్కన తొమ్మిది సెకన్లకి తక్కువ తేడా ఎప్పుడూ చెక్కలేదు నేను."

మూడు సెకన్లు. ఒక తుమ్ము. కళ్ళు మసకేశాయి, ఇప్పుడు వద్దు, ముందు దింపాలి, తర్వాత ఏడుద్దువుగాని. కానీ ఒకటి అడగాలి, ఇంత ఎత్తు మీద, ఎవరూ వినని చోట అడగాలి, కింద దిగితే మళ్ళీ ధైర్యం రాదు.

"మైలో, పధ్నాలుగు సార్లు నీ షాపుకి గిన్నె తెచ్చాడు కదా. ఒక్కసారైనా నా పేరు కూడా వెయ్యమన్నాడా? నిజం చెప్పు."

అబద్ధం చెప్పడానికి సులువైన వేళ, చెప్పినా నేను క్షమించేదాన్ని.

"లేదు లిబ్బీ," అన్నాడు. "ఒక్కసారీ అనలేదు. నేనూ అడగలేదు. నాకు తెలుసు, అయినా అడగలేదు."

ఆ మాటకే నాలుగేళ్ళు భయపడ్డాను. వింటే కుప్పకూలిపోతాననుకున్నాను. గుండెలో వెతికి చూశాను, నొప్పి ఎక్కడ తగులుతుందా అని, తగిలింది, ఒక పాత దెబ్బని నొక్కినట్టు తగిలింది, అంతకంటే ఏం లేదు. ఆయన అని ఉంటే బాగుండేది. అనలేదు. మూడు సెకన్లు మాత్రం అలాగే ఉన్నాయి, వాటికి లూమిర్ ఒప్పుకోలు అక్కర్లేదు, డ్వేన్ మర్యాదా అక్కర్లేదు. "సరే," అన్నాను, "ఇంక వేలు తియ్యి, మొద్దుబారిపోయి ఉంటుంది." పరుగుదారి ఎదురొచ్చింది, ముక్కు ఎత్తాను, చక్రాలు నేలని తాకాయి, ఒక్క గెంతు లేదు, పాలమీద మీగడ కట్టినంత మెత్తగా, లింకన్ పిల్ల చూసి ఉంటే ఎగిరి గంతేసేది.

ఇంజను ఆపేసరికి అంతా వచ్చేశారు. ఆఖర్న కాగితం ఇచ్చినదాన్ని, ఆఖర్న బయల్దేరాను, మిగతా పదకొండు మంది లెక్కలూ అప్పటికే తేలిపోయాయి, వాళ్ళలో అతి దగ్గరగా వచ్చినవాడు రెండు నిమిషాల పది సెకన్లు తప్పాడు. అందరూ అనుకున్నదానికన్నా ముందే వచ్చేశారు, గాలి మోసం చేసిందని అప్పుడే ఒకరితో ఒకరు చెప్పుకుంటున్నారు. మైలో దిగి, తిమ్మిరెక్కిన చెయ్యి విదిలించుకుంటూ, డ్వేన్ చేతిలో కాగితం పెట్టాడు. డ్వేన్ కళ్ళజోడు నుదుటి మీదినుంచి కిందికి దించాడు. చదివాడు. ఇంకోసారి చదివాడు. ఎర్రబడ్డాడు, చెవుల దాకా, కానీ మనిషి మంచివాడే పాపం, టోపీ తీసి, పెద్ద పెద్ద అంగలేసుకుంటూ నా దగ్గరికొచ్చి, అందరికీ వినపడేలా చెయ్యి చాపాడు.

"ఒప్పుకున్నాను లిబ్బీ, ఒప్పుకున్నాను! మూడు సెకన్లు! మొదటిసారే ఇంత గెలుపు ఎవరికొస్తుంది చెప్పు?"

చెయ్యి అందుకున్నాను. గట్టిగా పట్టుకున్నాను, వదల్లేదు.

"మొదటిసారి కాదు డ్వేన్," అన్నాను. "పదిహేనోసారి."